ప్రోస్టేట్‌లో రాళ్ళున్నాయన్నారు: జనవరి నుంచి సెప్టెంబరు దాకా నా అనుభవం

మాది కొండపి దగ్గర ఒక పల్లె. పొగాకు వేస్తాం, పచ్చాకును వేడితో ఆరబెట్టే (క్యూరింగ్ చేసే) సొంత బ్యారన్ ఒకటి ఉంది. నాకు 54 ఏళ్ళు. 2025 జనవరి రెండో వారంలో బ్యారన్ మొదటిసారి నింపాం. క్యూరింగ్ జరిగినన్నాళ్ళూ రాత్రుళ్ళు నేను అక్కడే పడుకుంటాను. వేడి కొంచెం అటూ ఇటూ అయినా ఆకు రంగు పోతుంది కాబట్టి మాటిమాటికీ లేచి థర్మామీటర్ చూసి కట్టెలు ఎగదోయాలి. జబ్బు మొదలైన సంగతి నాకు నెల రోజులు తెలియకపోవడానికి కారణం ఇదే. ఎలాగూ లేస్తాను, లేచినప్పుడల్లా ఒంటికి వెళ్ళొస్తాను. అన్నిసార్లు ఎందుకు వస్తోందని ఆలోచించలేదు.

నాతో కాపలా ఉండే మా చిన్నాన్న కొడుకే ముందు గమనించాడు. "అన్నా, అంతసేపు నిలబడుతున్నావేంది, ఏమన్నా ఇబ్బందా?" అన్నాడు. ఏం లేదులే అన్నాను. నిజానికి ధార మొదలవడానికే చాలాసేపు పట్టేది. మొదలయ్యాక సన్నగా వచ్చేది, మధ్యలో ఆగేది, అయిపోయిందనుకుని పంచె సర్దుకునేలోపు మళ్ళీ రెండు చుక్కలు. మంచం అంచున కూర్చుంటే కింద, రెండు తొడల మధ్య లోపలెక్కడో నిమ్మకాయంత బంతి మీద కూర్చున్నట్టు ఒత్తిడి. పొగాకు పనిలో నడుములు నొయ్యడం మామూలే కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను.

ఫిబ్రవరి 11న చలిజ్వరం వచ్చింది. మూడు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. ఒంటికి వెళ్తే కారం పోసినట్టు మంట. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేసి మూడు రోజులకు మాత్రలిచ్చాడు. జ్వరం తగ్గింది, మంట సగమే తగ్గింది. ఒంగోలు వెళ్ళి స్కానింగ్ తీయించుకోమన్నాడు.

17వ తేదీ, సోమవారం. ఒంగోలులో స్కానింగ్ సెంటర్‌కి పొద్దున్నే వెళ్తే 23వ టోకెన్ ఇచ్చారు. లీటరు నీళ్ళు తాగి ఆపుకొని కూర్చోమన్నారు. మామూలు మనిషికి అది చిన్న విషయం కావచ్చు. అసలే ఆపుకోలేక వచ్చినవాడికి ఆ రెండు గంటలు ఎలా గడుస్తాయో చెప్పలేను. పక్కన ఆడవాళ్ళు కూర్చున్నారు, లేచి అటూ ఇటూ తిరగడానికి సిగ్గేసింది. గోడ గడియారం వంక చూస్తూ పళ్ళు బిగించి కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి పొట్ట రాయిలా అయింది. స్కాన్ చేసి, వెళ్ళి పోసి రండి, మళ్ళీ చూస్తాం అన్నారు. వెళ్తే రాలేదు. చాలాసేపటికి వచ్చినా పూర్తిగా రాలేదు. అంతసేపు ఆపుకుంటే నిండిన మూత్రాశయం సరిగ్గా ముడుచుకోదట. ఆ తర్వాత లోపల మిగిలింది 140 మి.లీ. అని రాశారు. అంతగా బిగబట్టాక కొలిస్తే మిగిలింది ఎక్కువగానే కనపడుతుందని నెల తర్వాత నెల్లూరు డాక్టరు చెప్పారు. మీరు ఈ స్కాన్‌కి వెళ్తే, ఆపుకోలేనని కౌంటర్లో ముందే చెప్పండి. అలా చెప్పినవాళ్ళను ముందుగా పిలవడం సెప్టెంబరులో నేను కళ్ళారా చూశాను.

అదే రోజు ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షల ప్యాకేజీ కూడా చేయించుకున్నాను. అందులో పీఎస్‌ఏ అనేది ఉందన్న సంగతే నాకు తెలియదు. మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే పదార్థం అది, ఆ గ్రంథికి క్యాన్సర్ ఉందేమోనన్న అనుమానానికి చూస్తారు. స్కానింగ్‌కి 1,300, ల్యాబ్‌కి 1,800 అయింది.

రిపోర్టులు ఇంగ్లీషులో ఉంటే ఫోటో తీసి హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయికి పంపాను. పంపాక గాని తట్టలేదు, ఈ విషయం కూతురితో ఎలా మాట్లాడతానని. తనే ఫోన్ చేసింది. "నాన్నా, ప్రోస్టేట్ 38 గ్రాములంట. దాన్లో రాళ్ళున్నాయంట, పెద్దది 6 మిల్లీమీటర్లు. పీఎస్‌ఏ 7.8 వచ్చింది, 4 లోపు ఉండాలంట" అంది. ఆ తర్వాత కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. రిపోర్టులు చూపించుకోవడానికి వెళ్ళిన చోట, నాకు వారం క్రితమే జ్వరం వచ్చిందా అని ఎవరూ అడగలేదు. రాళ్ళున్నాయి, పీఎస్‌ఏ ఎక్కువుంది, క్యాన్సర్ డాక్టరుకు చూపించుకోండి అని రెండు ముక్కల్లో చెప్పి పంపారు.

నేను చూపించుకోలేదు. ఈ రాతలో నేను ఒప్పుకోవాల్సిన తప్పు ఇదొక్కటే. క్యాన్సర్ అన్న మాట పక్కకు నెట్టి రాళ్ళు అన్న మాట పట్టుకున్నాను. రాళ్ళంటే మా ఊళ్ళో అందరికీ తెలుసు, కిడ్నీలో రాళ్ళు పడినవాళ్ళు వీధికి ఇద్దరున్నారు. కొండపిండి ఆకు కషాయం, అరటి దూట రసం, ఉలవలు ఉడికించిన నీళ్ళు. ఎవరు ఏది చెబితే అది తాగాను. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, రాళ్ళకు అవే కారణమంటే క్యాన్ నీళ్ళు కొన్నాను. రోజుకు ఐదు లీటర్లు తాగితే రాయి కొట్టుకుపోతుందంటే అవీ తాగాను. మూడు వారాల్లో వాటికైన ఖర్చు 4,500. రాయి రాలేదు. రాత్రికి నాలుగుసార్లు లేచేవాణ్ణి ఏడుసార్లు లేవడం మొదలైంది.

మార్చి 14. ఆకు గ్రేడింగ్ చేస్తున్నాం. ఆ దుమ్ముకి ముక్కు కారి, ఊపిరాడక, మెడికల్ షాపులో జలుబు మాత్రలు అడిగి తెచ్చుకుని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకున్నాను. ఆ రాత్రి పదకొండింటికి ఒంటికి వెళ్తే చుక్క రాలేదు. పన్నెండింటికి వెళ్తే రాలేదు. ఒంటిగంటకు పొత్తికడుపు బొడ్డు దాకా ఉబ్బింది. నా భార్య వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టింది, కుళాయి తిప్పి నీళ్ళ శబ్దం వినిపించింది. చెమటలు పట్టి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. "ఏందయ్యా ఇది, ఇన్నాళ్ళూ ఏం దాస్తున్నావు?" అని ఆమె ఏడ్చింది. మా చిన్నాన్న కొడుకు కారు మాట్లాడుకొచ్చాడు. ఒంగోలు చేరేసరికి మూడు దాటింది.

క్యాజువాలిటీలో పైపు వేశారు. వేసేటప్పుడు నొప్పి ఉంటుంది, లేదని చెప్పను, కాని అది పది లెక్కపెట్టేంతసేపే. లోపలికి వెళ్ళగానే సంచిలోకి ధార పడే చప్పుడు వినపడింది. 750 మి.లీ. వచ్చిందని నర్సమ్మ చెప్పింది. నాకు తెలియకుండానే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. కొన్ని జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడ తగ్గించే మందు ఉంటుంది, అది మూత్రం దారి దగ్గరి కండరాన్ని బిగిస్తుంది, ప్రోస్టేట్ వాచి ఉన్నవాళ్ళకు అది చాలు పూర్తిగా ఆగిపోవడానికి అని అక్కడి డ్యూటీ డాక్టరు చెప్పారు. ఆ రాత్రికి అయిన బిల్లు 3,200. రెండు రోజుల్లో యూరాలజిస్టును, అంటే మూత్రం జబ్బులు చూసే డాక్టరును, కలవమని చీటీ రాసిచ్చారు.

నెల్లూరులో మా బావమరిది ఉంటాడు. 17న పైపుతోనే పినాకిని రైల్లో వెళ్ళాం. సంచి ఎప్పుడూ పొట్టకంటే కిందే ఉండాలి, పైకెత్తితే మూత్రం వెనక్కి పోతుంది అని చెప్పారు గనుక, దాన్ని గుడ్డసంచిలో పెట్టి కాళ్ళ దగ్గర ఉంచుకున్నాను. ప్యాంటు కుదరదు, పంచె సుఖం. పైపును తొడకు ప్లాస్టరుతో అంటించుకుంటే లాగదు. స్టేషన్లో బావమరిది నన్ను చూసి, "ఏంది బావా ఇది, నాకు ముందే ఒక మాట చెప్పొద్దా?" అన్నాడు. నెల్లూరులోనే పొగతోట అనే పేటలో ఉన్న యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. మూడు గంటలు కూర్చున్నాక పిలిచారు.

ఆ డాక్టరుగారు రిపోర్టులు ముట్టుకోకుండా ముందు తేదీలు అడిగారు. జ్వరం ఎప్పుడు, ఎన్ని రోజులు మందు వాడారు, రక్తం ఎప్పుడిచ్చారు. జ్వరం 11న, పీఎస్‌ఏ 17న అనగానే పెన్ను పక్కన పెట్టారు. "ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు పీఎస్‌ఏ ఎటూ పెరుగుతుందండీ. ఇప్పుడు పైపు కూడా ఉంది కాబట్టి ఈరోజు చేసినా తప్పే చూపిస్తుంది. వాపు పూర్తిగా తగ్గి ఆరు నుంచి ఎనిమిది వారాలయ్యాక చేద్దాం. అప్పటికీ ఎక్కువుంటే అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు. క్యాన్సర్ లేదని ఆయన అనలేదు. ఇప్పుడే చెప్పలేమన్నారు. అయినా నెల రోజుల్లో మొదటిసారి ఆ పూట అన్నం తిన్నాను.

తర్వాత వెనక నుంచి వేలితో పరీక్ష చేశారు. దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నాను. పక్కకు తిరిగి మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని పడుకోమంటారు. గ్లవ్స్, జెల్లీ. అర నిమిషం. అవమానంగా ఉంటుందేమో అనుకున్నాను గాని లేదు, నా నొప్పి ఎక్కడుందో అక్కడ వేలు తగిలినప్పుడు అదిరిపడ్డాను, అంతే. ఇక్కడే వాపుంది, గడ్డలాంటిదేమీ చేతికి తగలడం లేదు అన్నారు.

రాళ్ళ సంగతి నేనే ఎత్తాను. పేల్చేయొచ్చా సార్, కరిగే మందుందా సార్ అని అడిగాను. ఆయన స్కాన్ బొమ్మ లైటు మీద పెట్టి చూపించారు. నల్లటి గ్రంథి మధ్యలో ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు, ఒకచోట గుత్తిగా. "వీటిని రాళ్ళనే అంటాం గాని కిడ్నీ రాయిలాగా ఇది మూత్రంతో జారి వచ్చేది కాదు. పళ్ళకు గార పడుతుంది చూశారా, దానికి చుట్టం అనుకోండి. గ్రంథిలో సన్నని గొట్టాలుంటాయి. వాటిలో ఊరే ద్రవం కదలక నిలిచినా, మూత్రం వెనక్కి ఎక్కినా, వాపు వచ్చి పోయినా, క్యాల్షియం పేరుకుని గట్టిపడుతుంది. యాభై దాటిన మగవాళ్ళకు స్కాన్ చేస్తే చాలామందిలో కనపడతాయి. ఎక్కువమందికి ఏ బాధా ఉండదు" అన్నారు.

మరి నా బాధకు కారణం ఏంటని అడిగాను. ఆ జవాబు నేను బావమరిది చేత కాగితం మీద రాయించుకున్నాను. గార ఉన్న ప్రతి పన్నూ నొప్పి పెట్టదు, కాని గార ఎక్కువున్నచోట చిగురు వాస్తూ ఉంటుంది, అక్కడ క్రిములు దాక్కుంటాయి. ఇదీ అంతే. చిన్న చుక్కలు చెదురుగా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. పెద్దవి గుత్తిగా ఉన్నవాళ్ళలో మంట, నొప్పి, మూత్రం ఇబ్బంది కొంచెం ఎక్కువ కనపడతాయి. అయితే రాళ్ళ వల్ల వాపు వచ్చిందా, పాత వాపు వల్ల రాళ్ళు పడ్డాయా అన్నది ఒక మనిషిని చూసి చెప్పడం కష్టం. మీకు మూత్రం ఆగింది రాయి అడ్డంపడి కాదు, పెరిగిన గ్రంథి, దానిమీద ఇన్‌ఫెక్షన్ వాపు, దానిమీద జలుబు మాత్ర. మనం వైద్యం చేసేది వాపుకీ ధారకీ, రాళ్ళకు కాదు. ఇవీ ఆయన మాటలు. నేను మూడు వారాలు తాగిన కషాయాలన్నీ రాయి మీదికే కదా అని అక్కడే తల పట్టుకున్నాను.

ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో చూసే కల్చర్ పరీక్షకి యూరిన్ తీసుకుని ఆరోజే మందులు మొదలుపెట్టారు. మూడు రోజులకు రిపోర్టు వచ్చింది, ఇ.కోలై అనే క్రిమి. మొదలుపెట్టిన లివోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగుతుందని ఉంది, అదే కొనసాగించమన్నారు. నాలుగు వారాలు, ఒక్క పూట మానకుండా. చాలా యాంటీబయాటిక్స్ ప్రోస్టేట్ లోపలికి సరిగ్గా వెళ్ళవట, వెళ్ళేవి కూడా వారాల తరబడి వాడితేనే పని చేస్తాయట. మూడు రోజులు వాడితే జ్వరం తగ్గుతుంది, క్రిమి మిగిలిపోతుంది. క్యాల్షియం మాత్రలు గాని గ్యాస్ మందు గాని దాంతోపాటు వేసుకోవద్దన్నారు. మడమ వెనక నరం నొప్పి పుడితే వెంటనే ఆపి ఫోన్ చేయమన్నారు, అదృష్టం కొద్దీ నాకు రాలేదు. ఇంకొకటి టామ్సులోసిన్ 0.4 మి.గ్రా., మూత్రం దారి దగ్గరి కండరాన్ని వదులు చేసే మందు, రాత్రి అన్నం తిన్నాక.

22న పైపు తీశారు. తీసేటప్పుడు ఏమీ తెలియదు. ఆ తర్వాతి ఐదు గంటలే పరీక్ష. నీళ్ళు తాగుతూ కూర్చోవాలి, సొంతంగా వస్తేనే ఇంటికి, రాకపోతే మళ్ళీ పైపు. మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. కొలజాడీలో 220 మి.లీ. ఆ జాడీని రెండు చేతులతో పట్టుకుని నర్సు దగ్గరికి తెచ్చాను. స్కాన్‌లో లోపల మిగిలింది 60 మాత్రమే.

టామ్సులోసిన్ గురించి రెండు సంగతులు. మొదటి వారం మంచం మీంచి దిగ్గున లేస్తే కళ్ళు తిరిగాయి, కూర్చుని కాసేపాగి లేవడం అలవాటు చేసుకున్నాను. రెండోది, భార్యతో కలిసినప్పుడు వీర్యం బయటికి రావడం బాగా తగ్గిపోతుంది. డాక్టరు ముందే చెప్పారు గనుక భయపడలేదు, చెప్పకపోతే ఎంత కుమిలిపోయేవాణ్ణో. నా భార్యకూ చెప్పాను. ముప్పై ఏళ్ళ కాపురంలో మేమిద్దరం ఇంత విడమరిచి మాట్లాడుకోవడం అదే మొదలు. కంటి శుక్లం ఆపరేషన్ ఎప్పుడైనా చేయించుకుంటే ఈ మందు వాడుతున్నట్టు కంటి డాక్టరుకు తప్పకుండా చెప్పాలట, చీటీ మీద ఎర్ర ఇంకుతో రాసిచ్చారు.

రోజుకు రెండుసార్లు టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని పదిహేను నిమిషాలు కూర్చునేవాణ్ణి. కింది ఒత్తిడికి మాత్రలకంటే అదే ఎక్కువ హాయి ఇచ్చింది. సాయంత్రం ఏడు తర్వాత నీళ్ళు తగ్గించాను. ఒకసారి పోసి, ఒక నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నించడం నేర్పారు. కారం మానమన్నారు గాని నా ఒంటికి కారం ఏమీ చేయలేదు, టీ చేసింది. క్యూరింగ్ రోజుల్లో ఎనిమిది గ్లాసులు తాగేవాణ్ణి, రెండుకు తెచ్చాను.

ఏప్రిల్ 16న ధార వేగం పరీక్ష. ఒక చిన్న గదిలో గరాటు లాంటి కుర్చీలో పోయాలి, మిషన్ గీత గీస్తుంది. కనీసం 150 మి.లీ. పడకపోతే లెక్కకు రాదు. బయట పదిమంది ఉన్నారన్న టెన్షన్‌కి మొదటిసారి 90 పడి ఆగిపోయింది. గంటన్నర ఆగి మళ్ళీ ఇచ్చాను. సెకనుకు 9 మి.లీ. 15 దాటితే బాగున్నట్టు, 10 లోపైతే అడ్డం ఉందేమోనని అనుమానించాలట. మూత్రం ఇబ్బందుల మీద ఏడు ప్రశ్నల కాగితం కూడా నింపించారు, మార్కులు ఎంత తక్కువైతే అంత మంచిది, 35కి మార్చిలో నాకు 24, ఆరోజు 16.

అక్కడి నుంచి జూన్ దాకా కాలం గడవలేదు. ఒంట్లో బాగానే ఉంది, పొగాకు బేళ్ళు టంగుటూరు వేలానికి వేస్తున్నాం, అందరూ రేటు గురించి మాట్లాడుతుంటే నా బుర్రలో 7.8 ఒక్కటే తిరిగేది. ఒక రోజు పొలం పాస్‌బుక్కులు, బ్యాంకు కాగితాలు తీసి మా అబ్బాయికి ఎక్కడున్నాయో చూపించాను. ఎందుకు నాన్నా ఇప్పుడు అన్నాడు. సర్దుతున్నాలే అన్నాను.

జూన్ 9న రక్తం ఇచ్చాను. రెండు రోజుల ముందు నుంచి బండి మీద దూరాలు తిరగొద్దని, భార్యాభర్తలు దూరంగా ఉండాలని చెప్పారు. రిపోర్టు సాయంత్రం ఆరింటికి ఫోనుకు వచ్చింది. నేను తెరవలేకపోయాను. బావమరిది తీసుకుని చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, "2.3 బావా" అన్నాడు. నేను ఇంకోసారి చదవమన్నాను. కల్చర్‌లో కూడా క్రిమి రాలేదు. ధార 14కి పెరిగింది.

సెప్టెంబరు 22న మళ్ళీ స్కాన్. రాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి, పెద్దది అదే 6 మిల్లీమీటర్లు. మిగులు 25 మి.లీ. కాగితంలో మార్కులు 9. కల్చర్ ఈసారీ శుభ్రం. ఎప్పుడైనా అదే క్రిమి మళ్ళీ మళ్ళీ వస్తుంటే అప్పుడు ఆ రాళ్ళు దానికి దాపు అవుతున్నాయని అనుమానించి ఆపరేషన్ గురించి ఆలోచించాలి, ఇప్పుడు వాటి జోలికి వెళ్ళక్కర్లేదు అన్నారు డాక్టరుగారు. టామ్సులోసిన్ కొనసాగుతోంది, నెలకు 400 దాకా అవుతుంది. అన్నీ కలిపి, రైలు ఛార్జీలతో సహా, ఖర్చు 21 వేల దాకా తేలింది. కషాయాలూ క్యాన్ నీళ్ళూ ఇందులో లేవు. ఆస్పత్రిలో అడ్మిట్ అవలేదు కాబట్టి ఆరోగ్యశ్రీ కార్డుతో పని పడలేదు. సంక్రాంతికి బ్యారన్ నింపేలోపు ఇంకోసారి రమ్మన్నారు.

ఈ స్కాన్ రిపోర్టు కూడా ఫోటో తీసి మా అమ్మాయికి పంపాను. చదివి ఫోన్ చేసింది. "రాళ్ళు అట్టాగే ఉన్నాయి కదా నాన్నా?" అంది.

"ఉన్నాయమ్మా. రాత్రి ఒక్కసారే లేచాను" అన్నాను.